దగ్గరి చూపు అడిగాను, దూరం చూపు ఇచ్చారు, కారణం అడిగితే రేటింగ్ అడుగుతున్నారు

గుంటూరు

కంటి ఆసుపత్రి మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: నా కుడికంటి శుక్లం ఆపరేషన్‌లో లెన్సు టార్గెట్ ఎంత పెట్టారన్న, అంటే లెన్సును ఎంత దూరానికి కుదిర్చారన్న ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ జవాబివ్వకపోవడం.

అయ్యా,

నా కుడికంటికి 6/6 వచ్చిందట, అంటే దూరం చూపు బాగా వచ్చిందని. మీ ఆసుపత్రిలో ఎవరిని ఏమడిగినా ఈ ఒక్క మాటే చెబుతున్నారు. "సిక్స్ బై సిక్స్ మేడమ్, ఇంకేం కావాలి?" ఏం కావాలో ఆపరేషన్‌కు ముందే చెప్పాను. రాసి కూడా ఇచ్చాను.

నేను మగ్గం వర్క్ చేసుకుని బతికేదాన్ని. పెళ్ళి జాకెట్ల మీద జర్దోసీ, పూసలు, కుందన్లు. చిన్నప్పటి నుంచీ మైనస్ పవరు. అద్దాలు పెట్టుకుంటే వీధి కనబడేది, తీసేస్తే సూది మొన కనబడేది. నా పనంతా అద్దాలు తీసే చేశాను. శుక్లానికి ఆపరేషన్ తప్పదన్నాక మీ కౌన్సెలర్ అమ్మాయి రంగురంగుల ధరల కార్డు నా ముందు పెట్టింది. దూరానికీ దగ్గరికీ పనికొచ్చే మల్టీఫోకల్ లెన్సు వేయించుకుంటే అద్దాలే అక్కర్లేదంది. రాత్రిపూట లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తాయట కదా అంటే "అలవాటైపోతుంది ఆంటీ" అంది. ఏ ప్యాకేజీ అని అడిగింది గానీ ఏం పని చేస్తారని అడగలేదు. నేనే చెప్పాను, ఒకే దూరానికి పనికొచ్చే మామూలు మోనోఫోకల్ చాలు, కాకపోతే దాన్ని దూరానికి కాకుండా నా మగ్గానికి కుదర్చండి అని. మగ్గం ముందు కూర్చుని, కంటి నుంచి గుడ్డ దాకా మా అమ్మాయి చేత టేపు పెట్టి కొలిపించాను. 40 సెంటీమీటర్లు. ఆ అంకె వేసిన కాగితాన్ని మీ కౌన్సెలరే నా ఫైలుకు స్టేపుల్ చేసింది.

ఇప్పుడు ఆ కంటితో బస్టాండులో బోర్డులన్నీ చదువుతున్నాను. సూదిలో దారం ఎక్కించలేను. మాత్రల మీద తేదీ, ఫోన్లో ఓటీపీ, పళ్ళెంలో చేప ముల్లు, అంతా మసక. ఎడమకంటికి శుక్లం ముదిరింది కాబట్టి అదీ ఆదుకోవడం లేదు. రెండు కళ్ళకూ కలిపి అద్దాలు వేస్తే పవర్ల తేడాకి మెట్లు దిగేటప్పుడు తల తిరుగుతోంది.

లెక్క కాస్త అటూ ఇటూ అవడం ఎక్కడైనా ఉంటుంది, నాకు తెలుసు. నేను అడిగేది చిన్న సంగతి. దగ్గరికే పెట్టబోయి లెక్క తప్పారా, లేక నా కాగితం చూడకుండా అందరికీ పెట్టినట్టే దూరానికి పెట్టేశారా? రెండింటిలో ఏది?

రిసెప్షన్‌లో అడిగితే కౌన్సెలర్‌ని కలవమన్నారు. ఆ కౌన్సెలర్ వేరే బ్రాంచికి వెళ్ళిపోయిందట. కొత్తమ్మాయి నేను చెప్పేది పూర్తిగా వినకుండానే మళ్ళీ ఆ ధరల కార్డే తీసింది. కళ్ళు పరీక్ష చేసే అబ్బాయి ఆరు మీటర్ల చార్టు చదివించి "సూపర్" అన్నాడు. దగ్గరి కార్డు ఇవ్వమంటే ప్లస్ రెండున్నర అద్దం అడ్డం పెట్టి, "బాగుంది కదా, బయట రెడీమేడ్ దొరుకుతాయి" అన్నాడు. డాక్టరు గారు ఎప్పుడు వెళ్ళినా ఓటీలో ఉంటారు. మీ కాల్ సెంటర్ ఇంకో ఎత్తు. తెలుగుకు రెండు నొక్కమంటుంది, నొక్కితే హిందీలో పలకరిస్తారు. తెలుగు వచ్చిన అమ్మాయి ఎట్టకేలకు దొరికితే, నా లెన్సు కార్డు మీదున్న 20.5 అన్న అంకెనే మళ్ళీ మళ్ళీ చదివింది. అది కంట్లో పెట్టిన లెన్సు పవరు తల్లీ, దాన్ని ఎంత దూరానికి కుదిర్చారో నీ దగ్గరున్న బయోమెట్రీ రిపోర్టులో, అంటే ఆపరేషన్‌కు ముందు కన్ను కొలిచిన కాగితంలో ఉంటుంది, ఒక్కో లెన్సు పక్కన అది వేస్తే కంటికి మిగిలే పవరు వేసి ఉంటుంది, అది చదవమ్మా అన్నాను. కాసేపు చప్పుడు లేదు. తర్వాత "మీ సమస్య పరిష్కారమైనట్టు నమోదు చేస్తున్నాను మేడమ్" అంది. నిమిషంలో మెసేజ్ వచ్చింది, ఐదు స్టార్లు ఇవ్వమని.

మీరెవరూ చెప్పనిది మా సందు చివర అద్దాల షాపు అబ్బాయి చెప్పాడు. 100ని మిగిల్చిన మైనస్ పవరుతో భాగిస్తే స్పష్టంగా కనిపించే దూరం సెంటీమీటర్లలో వస్తుందట. రెండున్నర మిగిలిస్తే 40, నా మగ్గం. ఒకటిన్నర మిగిలిస్తే దాదాపు 67, కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళకు పనికొస్తుంది. పైసా తీసుకోలేదు, రేటింగూ అడగలేదు.

మా మామగారి కళ్ళు, మా అమ్మ కళ్ళు మీ దగ్గరే చేయించాం. నా దగ్గరికి జాకెట్లకు వచ్చిన పెళ్ళికూతుళ్ళ అమ్మమ్మలనూ మీ దగ్గరికే పంపాను. వాళ్ళ ముందు నా మాట పోయింది.

ఇంతలో మీ నుంచి ఇంకో మెసేజ్, ఎడమకంటికి స్లాట్ బుక్ చేసుకుంటే ఈ నెల తగ్గింపు ఉందని! ఆ కన్ను దగ్గరికి పెడితే ఒకటి దూరానికి, ఒకటి దగ్గరికి అవుతుంది. అంత తేడా కొందరికి పడుతుంది, కొందరికి పడదట. ముందు కాంటాక్ట్ లెన్సు పెట్టి చూస్తారా అని అడిగితే "ప్యాకేజీలో లేదు" అన్నారు. ముందు ఆ స్లాట్ మెసేజ్‌లు ఆపండి.

రికార్డులు ఇవ్వమని రాసిచ్చిన అర్జీకి కూడా జవాబు లేదు. భారత వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. నా బయోమెట్రీ కాగితం ఇప్పించండి. డాక్టరు గారే కూర్చుని, కుడికంటికి ఏం పెట్టారో, ఎడమకంటికి ఏం పెట్టబోతున్నారో అంకె వేసి సంతకం చేయాలి. లేదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. నా కస్టమర్లలో ఇద్దరు లాయర్లున్నారు. వాళ్ళలో ఒకావిడ కూతురి పెళ్ళి మాఘంలో. జాకెట్లు ఎందుకు ఆలస్యమవుతున్నాయో ఆవిడకు మీ ఆసుపత్రి పేరుతో సహా వివరంగా చెప్పాను.

ఇట్లు,
మీ పాత పేషెంటు

జతపరిచినవి: లెన్సు కార్డు జిరాక్సు, రికార్డుల అర్జీ కాపీ, 40 సెంటీమీటర్లని మళ్ళీ రాసిన కాగితం, ఈసారి పెద్ద అక్షరాలతో.