నోట్లో తొలి మచ్చను చూసేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

మా శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చే ఆడవాళ్లు ఇంకా ఉన్నారు. దీన్ని అడ్డపొగ అంటారు. ఆ వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. అంగిలి తెల్లగా పాలిపోతుంది, బొడిపెలు లేస్తాయి, కొందరికి ఎర్రటి మచ్చలు పడతాయి. వీటిలో కొన్ని నోటి క్యాన్సర్‌కు దారితీయవచ్చు. కానీ నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఈ జిల్లాలోనే పది వేల మందికి పైగా గ్రామస్థుల నోళ్లు పరీక్షించి, పరిశోధకులు ఈ మార్పుల గురించి 1971లోనే ప్రచురించారు. అంటే వైద్య పుస్తకాలకెక్కి యాభై ఏళ్లు దాటింది. ఆ మచ్చ ఉన్న మనిషికి మాత్రం దాని సంగతి ఇప్పటికీ తెలియదు.

మా పెద్దమ్మ పన్ను పీకించుకోవడానికి వెళ్తే డాక్టరు ఆమె అంగిలి చూసి, 'చుట్ట మానెయ్యమ్మా' అన్నారు. అంతే. ఆ మచ్చ ఏమిటో చెప్పలేదు, మళ్లీ ఎప్పుడు రావాలో చీటీ మీద రాయలేదు. 'అందరికీ చెప్పేదే నాకూ చెప్పాడు' అనుకుని ఆమె ఇంటికొచ్చేసింది. మా చెల్లెలు నర్సు కాబట్టి విషయం అర్థమై విశాఖపట్నం తీసుకెళ్లింది. నర్సు లేని ఇళ్ల మాటేమిటి?

చాలా నోటి క్యాన్సర్లకు ముందు కంటికి కనిపించే దశ ఒకటి ఉంటుంది. తుడిచినా పోని తెల్ల మచ్చ, అంతకంటే ప్రమాదకరమైన ఎర్ర మచ్చ, రెండు వారాలు దాటినా మానని పుండు. గుట్కా, వక్క నమిలే కుర్రాళ్లలో ఇది ఇంకోలా మొదలవుతుంది. కారం తగిలితే మంట, తర్వాత బుగ్గలు లోపల గట్టిపడి నోరు తెరుచుకోదు. మన మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టకపోతే డాక్టరుకు చూపించుకోవాల్సిందే. పొగాకు లేని ఉత్త వక్కయినా ఈ జబ్బు తెస్తుందని చాలామందికి తెలియదు. మన దగ్గర వీటన్నిటికీ ఒకటే మాట: 'వేడి చేసింది, నోరు పొక్కింది.' మెడికల్ షాపులో బీ కాంప్లెక్స్ మాత్రలు, ఓ ట్యూబు. నెలలు అలా గడిచిపోతాయి.

మచ్చ ఉన్నంత మాత్రాన క్యాన్సర్ వచ్చేసినట్టు కాదు. చాలామందిలో అది క్యాన్సర్‌గా మారదు, పొగాకు మానేస్తే కొన్ని తెల్ల మచ్చలు తగ్గిపోతాయి కూడా. గట్టిపడ్డ బుగ్గలు మళ్లీ మామూలు కావడం కష్టం గానీ, వక్క మానితే ముదరకుండా ఆపుకోవచ్చు. ఏ మచ్చ ప్రమాదమో తేల్చడానికి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలంటే, 'ముక్క తీస్తే పాకిపోతుంది' అని భయపడి మళ్లీ ఆస్పత్రి గడప తొక్కని వాళ్లున్నారు. పాకదని ఎదురుగా కూర్చోబెట్టి చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు. మన ఆస్పత్రుల్లో ఆ అయిదు నిమిషాలే దొరకడం లేదు.

గుట్కా, సిగరెట్ పాకెట్ల మీద వేసే బొమ్మలు ముదిరిపోయిన క్యాన్సర్‌వి. అది చూసిన మనిషి 'నాకు అలా లేదుగా' అనుకుంటాడు. చేత్తో చుట్టి విడిగా అమ్మే చుట్టకైతే పాకెట్టే ఉండదు, ఇక హెచ్చరిక ఎక్కడ?

ముప్పై ఏళ్లు దాటిన వారందరికీ బీపీ, షుగర్‌తో పాటు నోరు కూడా పరీక్షించాలని జాతీయ కార్యక్రమం చెబుతోంది. మా వీధికి వచ్చిన సిబ్బంది బీపీ చూశారు, షుగర్ చూశారు, నోటి దగ్గరికి వచ్చేసరికి 'పుండ్లేమైనా ఉన్నాయా?' అని అడిగి, లేవంటే టిక్కు పెట్టుకుని వెళ్లిపోయారు. నొప్పి లేని మచ్చ గురించి ఆ మనిషికే తెలియనప్పుడు అడిగి ఏం లాభం? ఈ పనికి పెద్ద పరికరాలేవీ అక్కర్లేదు. కేరళలోని తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలైన అధ్యయనంలో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి నోరు తెరిపించి చూశారు. పొగాకు, మద్యం అలవాటున్న వారిలో నోటి క్యాన్సర్ మరణాలు దాదాపు మూడో వంతు తగ్గినట్టు 2005లో వెల్లడైంది.

అందుకే సర్వేకు వచ్చే ప్రతి ఒక్కరి చేతికీ టార్చిలైటు ఇచ్చి, బుగ్గలు, నాలుక కింద, అంగిలి ఎలా చూడాలో నేర్పించాలి. మా జిల్లాలో అంగిలి చూడకపోతే నోరు చూడనట్టే. మచ్చ కనిపిస్తే అది ఏమిటి, ఎక్కడికి, ఏ తేదీన వెళ్లాలి అన్నది తెలుగులో రాసి చేతికివ్వాలి. వెళ్లారో లేదో మళ్లీ కనుక్కోవాలి. పాకెట్ల మీద ఉండే 1800-11-2356 అనే ఉచిత నంబరుకు ఫోన్ చేస్తే పొగాకు మానడానికి సాయం దొరుకుతుందని కూడా ఆ చీటీలోనే రాయొచ్చు. వచ్చే విడత ఇంటింటి సర్వే మొదలయ్యేలోపే జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారులు దీనిపై ఆదేశాలు ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
శ్రీకాకుళం జిల్లా