ఆ గది ఎక్కడుందో ముందే చూసుకో

చిరంజీవి శిరీషకు, నాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటో చూసి మీ అమ్మ, పిల్ల చిక్కిపోయిందంది. నా కళ్లు నీ వెనకున్న వేర్‌హౌస్ గోడల మీదే ఉండిపోయాయి. సర్వీసంతా కాంక్రీటుతోనే గడిచింది కదమ్మా.

అవి నేలమీద పోసి, గట్టిపడ్డాక క్రేన్‌తో లేపి నిలబెట్టే పలకలు. చూడ్డానికి కోటగోడల్లా ఉంటాయి గానీ, పైన వాటిని పట్టి ఉంచేది ఇనుప కప్పే. మీ దగ్గర టోర్నడో అనే పెద్ద సుడిగాలి ఆ కప్పును లేపేసిందంటే గోడకు ఆధారం పోయి పలక పలకే కూలిపోతుంది. 2011 మే 22న మీ మిస్సోరీ రాష్ట్రంలోనే, జోప్లిన్ ఊళ్లో హోమ్ డిపో అనే పెద్ద దుకాణం అలాగే పడిపోయింది. గోడల కింద పడి జనం పోయారు. వెనకున్న ట్రైనింగ్ గదిలో తలదాచుకున్నవాళ్లు బతికి బయటపడ్డారు. ఊరు మొత్తమ్మీద ఆరోజు 150 మందికి పైగా చనిపోయారు. సెయింట్ లూయిస్‌కు దగ్గర్లోని ఎడ్వర్డ్స్‌విల్‌లో 2021 డిసెంబర్ 10 రాత్రి అమెజాన్ వేర్‌హౌస్ కూలి ఆరుగురు పోయారు. అక్కడి గోడలు 40 అడుగుల ఎత్తు.

మనకు కాకినాడలో తుపానంటే రోజుల ముందే కబురొస్తుంది, బియ్యం, కొవ్వొత్తులు సర్దుకుంటాం. అక్కడ వార్నింగ్ వచ్చాక చేతిలో ఉండేది పది పదిహేను నిమిషాలు, ఒక్కోసారి అదీ ఉండదు. జోప్లిన్‌లో సైరన్ ముందే మోగింది. తరచూ మోగేదే కదా అని చాలామంది ఇంకో సూచన కోసం ఆగిపోయారని తర్వాత దర్యాప్తులో తేలింది. నువ్వు ఆగకు. ఫోన్‌లో వార్నింగ్ మోగగానే పని వదిలెయ్, ఎవరేమన్నా సరే. కారు దగ్గరికి మాత్రం పరిగెత్తకు.

రేపు డ్యూటీకి వెళ్లగానే మీ సూపర్‌వైజర్‌ని అడుగు: సుడిగాలికి తట్టుకునేలా కట్టిన షెల్టర్ ఉందా, లేక బాత్రూమ్‌కే షెల్టర్ అని బోర్డు తగిలించారా? షెల్టర్ ఉంటే అక్కడికే వెళ్లు. లేకపోతే కింది అంతస్తులో, కిటికీల్లేని చిన్న గదిని బిల్డింగ్ లోపలివైపు వెతుక్కో. బాత్రూమైనా సరే, బయటి గోడకు ఆనుకుని ఉంటే వద్దు. సరుకు దింపే షట్టర్లకూ, ఎత్తైన ర్యాకులకూ దూరంగా ఉండు. లోపలికెళ్లాక మోకాళ్ల మీద వంగి, తల, మెడ చేతులతో కప్పుకో. హెల్మెట్ అందుబాటులో ఉంటే పెట్టుకో.

నీ సీటు నుంచి ఆ గదికి ఓసారి నడిచి చూడు, ఎంతసేపు పడుతుందో. దారిలో తాళం వేసే తలుపేమైనా ఉంటే రాత్రి షిఫ్టులో దాని తాళం ఎవరి దగ్గరుంటుందో కూడా కనుక్కో. ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఇవే అడుగుతాను.

మీ నాన్న