లివర్ వరస పేషెంటుదా, ఆసుపత్రిదా?

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా అక్కకు సిరోసిస్, అంటే లివర్ గట్టిపడి పాడైపోయింది. కొత్త లివర్ కోసం, రాష్ట్ర ప్రభుత్వ అవయవదాన కార్యక్రమం జీవన్‌దాన్‌లో పేరు నమోదైంది. నా లివర్‌లో కొంత ఇస్తానంటే, నాకు ఫ్యాటీ లివర్ ఉందని డాక్టర్లు వద్దన్నారు. బావగారి బ్లడ్ గ్రూప్ కలవలేదు. ఇక బ్రెయిన్ డెడ్ అయిన దాత కుటుంబం దయ తలచాల్సిందే.

అక్కను ముందుకు జరపమని అడగడం లేదు. ఎలుకల మందు తిని రెండు మూడు రోజుల్లో లివర్ పూర్తిగా దెబ్బతిన్న కుర్రాడు వస్తే, అతనికే ముందివ్వాలి. అందులో మాకు పేచీ లేదు. పేచీ అంతా మిగతా వరస గురించే.

ఎవరి ప్రాణానికి ఎంత ముప్పుందో చెప్పడానికి మెల్డ్ స్కోర్ ఉంది. రక్త పరీక్షల్లో బిలిరుబిన్, క్రియాటినిన్, ఐఎన్ఆర్, సోడియం చూసి 6 నుంచి 40 వరకు లెక్క కడతారు; స్కోరు ఎంత ఎక్కువైతే ముప్పు అంత ఎక్కువ. అమెరికాలో 2002 నుంచి లివర్ వరసకు మెల్డే ఆధారం. మన దగ్గర మాత్రం పేషెంటు పరిస్థితితో పాటు ఆసుపత్రి వంతు కూడా లెక్కలోకి వస్తుంది. దాత ఏ ఆసుపత్రిలో ఉన్నారన్నదీ చూస్తారు. బ్రెయిన్ డెత్‌ను గుర్తించి, దాత కుటుంబంతో మాట్లాడే ఆసుపత్రికి ప్రోత్సాహం ఉండాలంటారు. నిజమే, ఆ పని తేలిక కాదు. అయితే ఐసీయూ ఖర్చు ప్రభుత్వం ఇవ్వండి, సిబ్బందిని మెచ్చుకోండి. లివర్‌ను మాత్రం ప్రోత్సాహకం చేయకండి. ఉస్మానియాలో పేరున్న కూలీ, కార్పొరేట్ ఆసుపత్రిలో పేరున్న ఆఫీసరు ఒకే లైన్లో ఉండాలి. బ్లడ్ గ్రూప్, సైజు కలుస్తాయా లేదా అన్నది సర్జన్లు ఎలాగూ చూసుకుంటారు.

స్కోర్‌లోనూ ఓ చిక్కుంది. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ కండ నుంచి వస్తుంది. అక్క పొట్ట నిండా నీరు, చేతులు చూస్తే ఎముకలే. కండే లేనప్పుడు కిడ్నీలు దెబ్బతిన్నా రిపోర్టులో క్రియాటినిన్ పెద్దగా పెరగదు, స్కోరూ పెరగదు. ఆడవాళ్లకు ఇలా అన్యాయం జరుగుతోందని గుర్తించే, అమెరికా 2023లో మెల్డ్ 3.0 తెచ్చింది. లివర్ తయారుచేసే ప్రోటీన్ ఆల్బుమిన్‌ను లెక్కలోకి తీసుకుని, ఆడవాళ్లకు 1.33 పాయింట్లు కలిపింది. ఫార్ములా మార్చడానికి కొత్త మిషన్లేమీ కొనక్కర్లేదు, ఆల్బుమిన్ టెస్ట్ ఎలాగూ చేస్తూనే ఉన్నారు. లివర్ క్యాన్సర్ వాళ్ల స్కోర్ కూడా తక్కువే ఉంటుంది, వాళ్లకూ విడిగా పాయింట్లుండాలి.

మాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది, ఏమీ తెలియకపోవడం. ఫోన్ చేస్తే కోఆర్డినేటర్ గారు "లిస్టులోనే ఉన్నారండీ" అంటారు. ఎన్నో స్థానంలో? చెప్పరు. టెస్టులు చేసిన ప్రతిసారీ కొత్త స్కోరు, ఆ బ్లడ్ గ్రూప్‌లో పేషెంటు స్థానం ఎస్ఎంఎస్‌లో పంపించండి. ఒక లివర్ ఎవరికి, ఏ స్కోరుతో, ఏ కారణంతో వెళ్లిందో పేర్లు లేకుండా జీవన్‌దాన్ వెబ్‌సైట్‌లో పెట్టించండి. వరసలో మా కన్నా ముందున్న వాళ్లకు వెళ్లిందని తెలిస్తే మేం ఎదురుచూస్తాం.

ఇట్లు,
ఒక పేషెంటు తమ్ముడు,
వరంగల్