ఒకపక్క ఏరు, ఇంకోపక్క రౌడీలు

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెల మా అమ్మాయిని చూసుకోవడానికి హైదరాబాద్ నుంచి వచ్చారు. కాఫీలు తాగాక అబ్బాయి పెదనాన్నగారు నవ్వుతూనే, "బెజవాడంటే మాకు కాస్త భయమేనండీ, కత్తులూ బాంబులూ కదా" అన్నారు. ఆయన ఈ ఊళ్లో దిగడం అదే మొదటిసారట. వియ్యంకులు కాబోయేవాళ్లు, నేనూ నవ్వేసి ఊరుకున్నాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. అక్కడ చెప్పలేని జవాబు మీ పత్రికకు రాస్తున్నాను.

ఆయన్ని తప్పుపట్టడానికీ లేదు. మాది బెజవాడలో కృష్ణ ఒడ్డునున్న కృష్ణలంక. 1989 ఫిబ్రవరిలో నాకు పిల్లనివ్వడానికి మా మామగారూ ఇలాగే వెనకాడారు. ఆయనది రేపల్లె. "కుర్రాడికి ఆర్టీసీలో కండక్టరు ఉద్యోగం, బాగానే ఉంది. ఆ కృష్ణలంకేంటండీ? ఒకపక్క ఏరు, ఇంకోపక్క రౌడీలు" అన్నారట మధ్యవర్తితో. మా నాన్న దగ్గర ఆ మాటకు సమాధానం లేకపోయింది. అప్పటికి రంగాగారి హత్య జరిగి రెండు నెలలు కూడా కాలేదు.

1988 డిసెంబర్ 26, క్రిస్మస్ మర్నాడు. నిరాహార దీక్షలో ఉన్న ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగాను చంపేశారు. నేను ఆ పొద్దున బందరు నుంచి వచ్చే బస్సులో డ్యూటీలో ఉన్నాను. కంకిపాడు దగ్గర ఎదురొచ్చే లారీవాళ్లు చేతులు ఊపి, ముందుకు పోవద్దన్నారు. బస్సు అక్కడే నిలిపేశాం. రెండు రోజులు ఎవరో పుణ్యాత్ముల పశువుల పాకలో పడుకున్నాం, నేనూ డ్రైవరూ. నా సంచిలో 412 రూపాయల టికెట్ల డబ్బుంది. దాన్ని తలకింద పెట్టుకుని పడుకున్నాను. ఇంటికి చేరేసరికి ఊళ్లో కర్ఫ్యూ. కొట్లు, థియేటర్లు, ఇళ్లు తగలబడ్డ వాసన చాన్నాళ్లు పోలేదు. సడలింపు ఇచ్చినప్పుడు పాల ప్యాకెట్ల కోసం పరుగెత్తిన మనుషుల ముఖాలు నాకిప్పటికీ గుర్తే.

ఆ రోజుల్లో బస్సులో టికెట్ అడిగితే "మేమెవరి మనుషులమో తెలుసా" అనేవాళ్లు. తెలుసు. రంగాగారి వర్గం వాళ్లూ, వాళ్లతో తలపడే వర్గం వాళ్లూ ఆ మాటే అనేవాళ్లు. డబ్బులు మాత్రం ఇద్దరూ ఇచ్చేవాళ్లు కాదు.

ఇదంతా ఎలా సద్దుమణిగిందో పెద్దవాళ్లు రకరకాలుగా చెబుతారు. నాకు తెలిసింది బస్సు ఫుట్‌బోర్డు మీంచి చూసిందే. తొంభైల్లోకి వచ్చేసరికి ఆదివారం బస్సుల్లో చేరే జనం మారిపోయారు. ఒళ్లో క్యారేజీలు, పచ్చడి సీసాలు, జంతికల డబ్బాలు పెట్టుకుని ఎక్కడెక్కడి పల్లెల నుంచో తల్లిదండ్రులు వచ్చేవాళ్లు. ఇంటర్ కాలేజీ హాస్టళ్లలో ఉన్న పిల్లల్ని చూడ్డానికి. కొడుకుని ఈ ఊరు పంపడానికి జనం భయపడటం మానేశారని నాకు అప్పుడు అర్థమైంది. (ఆ కాలేజీల్లో పిల్లలు పడే టెన్షన్ సంగతి వేరే ఉత్తరం రాయాలి.) నేను ఉద్యోగంలో చేరినప్పుడు రాత్రి ఎనిమిది దాటితే ఆటోనగర్ బస్సులో ఆడవాళ్లు కనపడేవాళ్లు కాదు. రిటైరయ్యే నాటికి పదిన్నర బస్సులో డ్యూటీ దిగిన నర్సులు, బట్టల కొట్లలో పనిచేసే అమ్మాయిలు సీట్ల కోసం తగువులాడుకునేవాళ్లు. ఆ తగువులు తీర్చడం నాకెంత ఇష్టంగా ఉండేదో చెప్పలేను.

అంతా బంగారమైపోయిందని అనను. బ్లేడ్లు చూపించి బెదిరించే బ్లేడ్ బ్యాచ్ వార్తలు మీ పేపర్లోనే చదువుతున్నాను. కాలవల్లో ప్లాస్టిక్ అలాగే ఉంది. 2021లో పది లక్షల జనాభా దాటిన నగరాల్లో స్వచ్ఛ సర్వేక్షణ్ మూడో ర్యాంకు మనకొచ్చింది. ర్యాంకుల మీద నాకంత నమ్మకం లేదు గానీ, తెల్లవారుజామున చీపుళ్లు పట్టుకుని మా వీధిలోకి వచ్చే ఆడవాళ్ల మీద ఉంది.

ఇక ఏరు. కృష్ణలంకలో పుట్టినవాడికి బ్యారేజీ లెక్కలు నోటికొచ్చేస్తాయి. మైకుపెట్టిన ఆటో "రెండో ప్రమాద హెచ్చరిక" అని వీధిలోకి రాగానే మా అమ్మ రేషన్ కార్డు, పట్టా కాగితం, దేవుడి పటం ఒకే గుడ్డలో మూట కట్టేది. తర్వాత బడిలో పులిహోర పొట్లాలు. 2019 ఆగస్టులో కూడా ఇల్లు వదిలి వెళ్లాం. వరద గోడను ప్రభుత్వాలు మారుతుండగా విడతలు విడతలుగా కట్టారు. పార్టీల పేర్లు రాయను, ఎవరి వాటా వాళ్లకుంది. 2024 సెప్టెంబర్ మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చింది. 2009 వరద కంటే ఎక్కువ. మూట కట్టి గుమ్మంలో పెట్టుకుని కూర్చున్నాం. మోరీలోంచి కాస్త నీరు ఎగదన్నింది, అంతే. గోడకు అవతల ఏరు హోరుమంటోంది, ఇవతల మా వీధిలో పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నారు. మా ఆవిడ మూట విప్పి దేవుడి పటం మళ్లీ మేకుకు తగిలించింది. మా మామగారు బతికి ఉంటే పిలిచి చూపించేవాణ్ణి.

ఆ సంతోషం సగమే అయింది. మా చెల్లెలిది సింగ్‌నగర్. అదే రోజుల్లో బుడమేరు వాగు గట్లు తెగి వాళ్ల వీధి మునిగింది. మేం గోడ దగ్గర నిలబడి ఫొటోలు తీసుకుంటున్న పూట, అది పక్కింటివాళ్ల డాబా మీద మంచినీళ్ల సీసా కోసం పడవకేసి చేతులు ఊపుతోంది. ఫైరింజన్లు వచ్చి ఇళ్లలో బురద కడిగాయి, నిజమే. పిల్లల సర్టిఫికెట్లు కడిగితే బాగుపడవుగా.

పెదనాన్నగారిని ఆ సాయంత్రం గోడ దగ్గరికి తీసుకెళ్లి తిప్పాను. గాలి బావుందన్నారు. సంబంధం ఖాయమైంది, పెళ్లి ఇక్కడే. ఆయనకు చెప్పుకోలేనిది అధికారులకు చెబుతున్నాను. బుడమేరు గట్లు గట్టిపరచండి. ఏటి దారిలో లేచిన ఆక్రమణలు తీయండి. మా లంకకు చేసిపెట్టినవాళ్లకు సింగ్‌నగర్‌కు చేయడం చేతకాని పని కాదు. మా చెల్లెలు ఆ వరదలో పోయిన ఫ్రిజ్ బదులు ఇంతవరకూ కొత్తది కొనలేదు. ఎప్పుడడిగినా, "ఈ వానాకాలం దాటనీ అన్నయ్యా" అంటుంది.

ఇట్లు
ఒక రిటైర్డ్ కండక్టరు
కృష్ణలంక, విజయవాడ