నౌపడ–గుణుపురం పాత స్టేషన్లకు ఒక మ్యాప్ కావాలి: రైల్వే అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

నమస్కారం. ఇదే విషయంపై మీ కార్యాలయానికి మూడుసార్లు రాశాను. జవాబు రాలేదు కాబట్టి ఇప్పుడు నలుగురి ముందు అడుగుతున్నాను.

పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు 1900లో శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి బయల్దేరింది. తర్వాత ఒడిశాలోని గుణుపురం దాకా సాగింది. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులే. 2004లో ఆ నారోగేజ్ మూసి, తర్వాత బ్రాడ్‌గేజ్ వేశారు. దానికి మేమెవరం అడ్డు చెప్పలేదు, అవసరమే. కానీ పాత స్టేషన్లు, హాల్టులు ఎక్కడెక్కడ ఉండేవో చూపే మ్యాప్ మాకెక్కడా దొరకలేదు.

మా నాన్నకు ఎనభై రెండేళ్లు. మొన్న టెక్కలి దాటాక ఒక తుమ్మచెట్టు దగ్గర ఆటో ఆపించి, చేతికర్రతో నేల మీద తట్టి, "టికెట్ కిటికీ ఇక్కడే" అన్నారు. పొదల కింద నాలుగు ఇటుకలు కనిపించాయి. ఇలా చెప్పగలిగేవాళ్లు మా ఊళ్లో ఇంకా ఇద్దరే ఉన్నారు. నా టెన్షన్ అదే.

దయచేసి ఈ వేసవిలోగా సర్వేయర్లను పంపండి. టెంబూరు, పాతపట్నం, కాశీనగర్ పెద్దలను వెంటబెట్టుకుని ప్రతి చోటునూ గుర్తించి, పాత రికార్డులతో సరిచూసి, మ్యాప్‌ను అందరికీ అందుబాటులో పెట్టండి. దారి చూపడానికి మా నాన్న సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
టెక్కలి ప్రాంత వాసి