విషయం: ఎర్త్ పిన్ను కోయించి, ఆపైన 47 రోజులుగా జవాబు చెప్పని మీ సేవా విభాగంపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధిపతి గారికి,

హనుమకొండ నుండి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు వ్రాయునది.

ఎంగిలిపూల బతుకమ్మకు ముందు రోజు, చౌరస్తా దగ్గరి దుకాణంలో 38,500 రూపాయలు చెల్లించి మీ హోం థియేటర్ కొన్నాను. దాని వాట్ల సంగతి, స్పీకర్ల సంగతి ఇక్కడ ప్రస్తావించను. అవి పెట్టె మీద మీరే పెద్ద అక్షరాలతో అచ్చు వేసుకున్నారు. ఒక్క ప్రశ్న పట్టుకొని నెలన్నర తిరిగినా, దానిని చెవిన వేసుకున్న మనిషి మీ సంస్థలో ఒక్కరూ దొరకలేదన్నదే నా బాధ.

మొదటి వారంలోనే స్పీకర్ల నుండి గుంయ్‌మని మోత వచ్చింది. ఫోను చేస్తే, ఇరవై నిమిషాల పాటు వేణుగానం వినిపించిన తరువాత ఒక యువకుడు పలికి, ప్లగ్గులోని పెద్ద పిన్ను, అంటే ఎర్త్ పిన్ను, తీసివేయిస్తే మోత పోతుందని సెలవిచ్చాడు. నేను సందేహించాను. మరునాడు మీరు పంపిన టెక్నీషియన్ ఏ సందేహమూ లేకుండా త్రీ పిన్ ప్లగ్గును కోసి, రెండు పిన్నులది బిగించి, నాతో ఓటీపీ చెప్పించుకొని వెళ్లిపోయాడు. మోత పోయిన మాట నిజమే. మూడవ రోజు నాలుగేళ్ల మా మనుమడు నల్లా దగ్గర చేతులు తడుపుకొని వచ్చి యాంప్లిఫయరును ముట్టుకొని, "తాతా, పెట్టె కరుస్తున్నది" అని ఏడ్చాడు. నేను చేయి ఆనించి చూస్తే జివ్వుమన్నది.

మా వాడకట్టు ఎలక్ట్రీషియన్ వచ్చి టెస్టరు ఆనిస్తే అందులోని దీపం వెలిగింది. అతడు చెప్పిన సంగతి నాకు ఒక్కసారికే అర్థమైంది. ఇటువంటి ఇనుప పెట్టెలోని పవర్ సప్లయి నుండి కొద్దిపాటి కరెంటు ఎప్పుడూ పై తొడుగుకు చేరుతుంటుందనీ, దానిని భూమిలోకి దింపేది ఎర్త్ తీగయేననీ, ఆ తీగను తెంపితే ముట్టుకున్న మనిషే తీగ అవుతాడనీ వివరించాడు. ఏనాడైనా లోపలి ఇన్సులేషన్ దెబ్బతింటే 230 వోల్టులూ పెట్టె మీదికి వచ్చి కూర్చుంటాయి. ఎర్త్ లేదు కనుక ఫ్యూజు పోదు, ఎంసీబీ పడదు. ముట్టుకున్న క్షణంలో కరెంటును ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ మా పాత ఇంట్లో లేదు. ఎర్త్ అవసరం లేని పరికరాల మీద చదరంలో చదరం గుర్తు ఉంటుందట. మీ పెట్టెను తిరగేసి వెతికాము, ఆ గుర్తు కనబడలేదు. అతడు మళ్లీ త్రీ పిన్ ప్లగ్గు పెట్టాడు, షాక్ ఆగింది, మోత తిరిగి వచ్చింది. సెట్ టాప్ బాక్సుకు వచ్చే కేబుల్ తీగ ఊడదీశాడు, మోతా ఆగింది. కేబుల్ వారి ఎర్తుకూ మా ఇంటి ఎర్తుకూ మధ్య పొత్తు కుదరక వచ్చిన గొడవ అది. ఆ రెండు ఎర్తులనూ విడదీసే చిన్న ఐసొలేటర్ కేబుల్‌కు పెడితే తీరుతుందట. పది నిమిషాల పని, 200 రూపాయలు, ఒక చాయ్.

అప్పుడు నేను మిమ్మల్ని అడిగినది ఇంతే: ఆ కరెంటు సహజమైనదా, లోపల లోపం ఉన్నదా, పిల్లలున్న ఇంట్లో దీనిని వాడవచ్చునా? మొదటి ప్రతినిధి ఆఫ్ చేసి ఆన్ చేయమన్నాడు. తెలుగు కోసం రెండు నొక్కితే హిందీ వచ్చింది. నేను "ఎర్త్" అని మొత్తుకుంటే ఆ అమ్మాయి "అర్థ్" అని విని, దేనికి అర్థం కావాలని అడిగింది. మూడవ ఆయన మా జిల్లా జాబితాలో లేదన్నాడు. మీ జాబితాలో ఇంకా వరంగల్ అర్బన్ ఉన్నది. అది 2021లోనే హనుమకొండ జిల్లా అయిన సంగతి మీకు చేరలేదు. ఆయన వరంగల్ అని నమోదు చేశాడు, వరంగల్ వారు హనుమకొండ మాది కాదన్నారు, చివరకు కరీంనగర్ పొమ్మన్నారు. ఆ బరువును ఆర్టీసీ బస్సులో ఒడిలో పెట్టుకొని పోతే, థర్మకోలుతో సహా తెస్తేనే తీసుకుంటామని కౌంటరు దగ్గరి నుండే తిప్పి పంపారు. తిరిగి వచ్చి దుకాణదారుతో చెప్పుకుంటే, రోలు పోయి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు అయింది. తన ఫోనే మీరు ఎత్తడం లేదని ఆయన వాపోయాడు. ఈలోగా ఫిర్యాదు పరిష్కారమైనదని మూడు సార్లు సందేశం పంపి, నక్షత్రాలు ఇమ్మన్నారు. ఆకాశంలో ఉన్నవి చాలవా?

మీరు ఇచ్చిన పుస్తకం నేను చదివాను. మూత విప్పరాదు, గాలి రంధ్రాలు మూయరాదు, పైన నీళ్ల పాత్ర పెట్టరాదు, ఎర్త్ పిన్నును తొలగించరాదు అని అందులో ఉన్నది. మీ ప్రతినిధులకు కూడా తలా ఒక ప్రతి ఇప్పించగలరు.

1987లో నా పెళ్లికి మామగారు పెట్టినది మీ టేప్ రికార్డరే. తరువాత కొన్న టీవీ కూడా మీదే. ఈసారి వేరే కంపెనీది చూడమని కొడుకు పోరినా వినకుండా మీ పేరు చెప్పాను. ఇప్పుడు వాడు ఏమీ అనడం లేదు, అదే మరింత బాధగా ఉన్నది.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను నివసించే చోటనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు, ఇంత ధర వస్తువుకు రుసుము లేదు, వకీలు అక్కర లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫోను చేస్తాను. అక్కడ వేణుగానం ఉన్నా ఓపిక పడతాను. డబ్బు సంగతి ఆ తరువాత చూసుకుందాం. ముందుగా, పిన్ను కోయమనడం తప్పని, ఈ పెట్టెను పరీక్షించి ఏమి తేలిందో, ఒక ఇంజనీరు సంతకంతో పదిహేను రోజులలో నాకు కాగితం రావాలి. మీ మాట విని ఇంకా ఎన్ని ఇళ్లలో పిన్నులు కోశారో వారికి కూడా ఫోను చేయించండి. ఆ నంబర్లు మీ దగ్గర ఉండకపోవు, నక్షత్రాల కోసం అడిగారు కదా.

భవదీయుడు,
మీ పాత ఖాతాదారు, హనుమకొండ

జతపరచినవి: బిల్లు నకలు, మూడు సందేశాల నకళ్లు, మీ టెక్నీషియన్ కోసి మా గుమ్మం దగ్గర పడేసి పోయిన త్రీ పిన్ ప్లగ్గు.