వాగ్దానం కార్డు మీద పట్టని వచనం

చిన్నా,

ప్రభువు నామంలో నీకు శుభములు.

"పోటీ పరీక్షల పుస్తకం తెరవాలంటేనే విసుగొస్తుందమ్మా, ఎందుకు చదువుతున్నానో కూడా అర్థం కావట్లే" అన్నావు మొన్న. ఫోన్లో రెండు మాటల్లో తేలేది కాదని రాస్తున్నా.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, కొత్త ఏడాదికని ఒక్కొక్కరికి ఒక బైబిలు వచనం ఇచ్చే వాగ్దానం కార్డుల్లో నీకొచ్చింది, యిర్మీయా 29:11, హైదరాబాదు అశోక్ నగర్ గదిలో మంచం పక్కన అంటించుకున్నావు కదా. నీ విషయంలో నావి సమాధానకరమైన ఉద్దేశాలే అని దేవుడు చెప్పే మాట. క్యాలెండర్ల మీద కూడా అదే వచనం. దాని పైన ఉన్న పదో వచనాన్ని మాత్రం ఎవరూ అచ్చు వేయరు. అందులో డెబ్బయ్యేళ్లు గడిచాకే ఇంటికి తిరిగి రప్పిస్తానని ఉంది. క్రీ.పూ. 597లో బబులోనుకు చెరపట్టి తీసుకెళ్లిన వాళ్లకి యిర్మీయా ప్రవక్త యెరూషలేము నుంచి రాసిన ఉత్తరం అది. అప్పటికే పెద్దవాళ్లయిన వాళ్లు తిరుగు ప్రయాణం చూసే వీలే లేదు. మరి పొద్దున్నే లేచి వాళ్లు ఏం చేయాలి? ఐదు నుంచి ఏడు వచనాలు చదువు: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి పండ్లు తినండి, పెళ్లిళ్లు చేసుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి. అంతే. దేవుడు చూపించిన ఉద్దేశం అంత మామూలు పనుల్లోనే ఉంది.

అదే కాలంలో హనన్యా అనే ప్రవక్త, రెండేళ్లలో అంతా చక్కబడుతుందని గుడిలో అందరి ముందూ ప్రకటించాడు (28వ అధ్యాయం). వినడానికి ఆయన మాటే బాగుంటుంది మరి. నువ్వు రాత్రి పన్నెండింటికి చూసే మోటివేషన్ వీడియోలు చాలావరకు హనన్యా బాపతే. చూసిన గంటసేపు ఊపు ఉంటుంది, ఉద్యోగ నోటిఫికేషన్ మళ్లీ వాయిదా పడగానే ఆ ఊపు పోతుంది.

మన వాళ్లలో ఇంకో అలవాటుంది. ఉద్యోగం వస్తే సంఘంలో సాక్ష్యం చెప్తా, మొదటి జీతం కానుక వేస్తా అని దేవుడితో ఒప్పందం. కానుక ఇవ్వడం మంచిదే. కానీ విశ్వాసాన్ని రిజల్టుకి ముడిపెడితే, లిస్టులో పేరు లేని రోజు చదువుతో పాటు ప్రార్థన కూడా ఆగిపోతుంది. దానియేలు 3:18లో షద్రకు, మేషాకు, అబేద్నెగో ముగ్గురూ అగ్నిగుండం ముందు నిలబడి, దేవుడు రక్షించకపోయినా సరే, రాజు నిలబెట్టిన ప్రతిమకు మేము మొక్కేది లేదు అన్నారు. అక్కడి నుంచి మొదలుపెట్టు.

కొలొస్సయులకు 3:23 నీకు కంఠతా వచ్చు. ఏం చేసినా ప్రభువు కోసమని మనస్ఫూర్తిగా చేయమన్న మాట. పైవచనం చూస్తే అది దాసులకు చెప్పింది. ఇష్టపడి ఎంచుకున్న పని చేసేవాళ్లు కారు వాళ్లు. కాబట్టి పని మీద ఇష్టం పుట్టేదాకా ఆగాల్సిన పని లేదు.

ఇక రోజు ఎలా నడపాలో చెప్తా. ఫోన్ ముట్టుకోకముందే ఇరవై నిమిషాలు పక్కన పెట్టు. అచ్చు బైబిలే చదువు, యాప్‌లో తెరిస్తే వాట్సాప్ దగ్గర తేలుతావు. ముందు ఒక కీర్తన పైకి చదువు. 13వ కీర్తనతో మొదలుపెట్టు. ఆరే వచనాలు, సగం ఫిర్యాదే. దేవుడి దగ్గర నవ్వు ముఖం పెట్టక్కర్లేదని దానితో తెలుస్తుంది. తర్వాత మార్కు సువార్త, రోజుకి అర అధ్యాయం. పదహారు అధ్యాయాలు కాబట్టి నెల రోజులు పడుతుంది. యేసు అక్కడ ఏం చేశాడో నోటుబుక్కులో ఒక్క వాక్యం రాసుకో. చివరి ఐదు నిమిషాలు ప్రార్థన, అందులో నీ గురించి కాక ఇంకొకరి పేరు ఉండాలి. రూమ్మేట్ అయినా సరే. అదే పేజీలో ఆ రోజు పని కూడా రాసెయ్. "పాలిటీ చదవాలి" అని కాదు. "12 నుంచి 35 అధికరణలు, ముప్పై బిట్లు" అని రాయి. ప్రభువు కోసం మనస్ఫూర్తిగా చేయాల్సింది ఆ ముప్పై బిట్లనే.

ఏడాదిలో బైబిలంతా అని జనవరి ఒకటిన మొదలుపెట్టకు. 1,189 అధ్యాయాలు, రోజుకి మూడు నాలుగు. జనవరి నెలాఖరుకి లేవీయకాండం వస్తుంది, చాలామంది ఆగిపోయేది అక్కడే. నాలుగు రోజులు తప్పితే పది పదిహేను అధ్యాయాల బాకీ కనపడి పుస్తకమే మూసేస్తారు. తప్పిన రోజుల బాకీ తీర్చకు, ఈ రోజుది చదువు చాలు.

వారంలో ఒక రోజు సెలవు తీసుకో. శనివారం రాత్రి తొమ్మిది నుంచి ఆదివారం సాయంత్రం ఆరు దాకా టెస్ట్ సిరీస్ ముట్టుకోకు. చిక్కడపల్లి లైబ్రరీలో ఆ పూట కూడా చదివేవాళ్లుంటారు, వాళ్లని చూసి భయపడకు. ద్వితీయోపదేశకాండం 5:15లో విశ్రాంతి దినానికి దేవుడు చెప్పే కారణం, మీరు ఐగుప్తులో దాసులై ఉన్నారని, తానే విడిపించానని గుర్తుంచుకోమని.

ఏలీయా ప్రవక్త సంగతి కూడా చదువు, 1 రాజులు 19. చచ్చిపోతానన్నవాడికి దూత ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చి రొట్టె, నీళ్లు పెట్టాడు, అదీ రెండుసార్లు. పని అప్పగించింది ఆ తర్వాతే. కాబట్టి రెండు వారాలు దాటినా నిద్ర పట్టక, తిండి సయించక దిగులుగానే ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లు, లేదా మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్, డబ్బులు పడవు. అది అవిశ్వాసం ఏమీ కాదు. ప్రార్థన తక్కువైందని ఎవరైనా అంటే ఈ అధ్యాయం చూపించు.

చివరిది సంఘం. హైదరాబాదులో వేలమంది కూర్చునే మందిరాలున్నాయి, వాక్యం బాగుంటుంది, కానీ నువ్వు మూడు వారాలు రాకపోయినా అడిగేవాళ్లుండరు. హాస్టల్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో చిన్న సంఘం చూసుకో. ఒక నెల కూర్చున్నాక పాస్టర్ గారిని అడిగి ఒక పని తీసుకో. చాపలు పరచడమో, మైకు వైర్లు చుట్టడమో, సండే స్కూల్లో చిన్న పిల్లలకి కథ చెప్పడమో. రేపు నాయబ్ తహసీల్దార్‌వి అయినా కాకపోయినా ఆ పిల్లలు ఆదివారం నీకోసం ఎదురుచూస్తారు. పాటల టీమ్‌లో మాత్రం ఇప్పుడే చేరకు, రిహార్సల్స్‌కి వారంలో మూడు సాయంత్రాలు పోతాయి.

ఉంటాను.
మీ అమ్మ